చెంచాడు నీళ్ళు

హాస్టల్ గది,
ఆదివారం సాయంత్రం.

పిచ్చుకమ్మకి, నీ ప్రశ్నల పుట్ట నమస్కరించి రాయునది.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని రోజూ పిన్ని నోటనే వింటున్నాను కనుక, ఆ ఒక్క ప్రశ్న అడిగే అవకాశం కూడా నాకు లేకుండా పోయింది. సెలవు అయిపోయి ఉద్యోగానికి వెళ్ళిపోయిన దగ్గర్నుంచి నువ్వు నా ఫోను ఎత్తడం లేదు. మెసేజ్ చూసి కూడా చూడనట్టే ఉంటున్నావు. కాగితం మీద రాసినదాన్ని చించడానికైనా ఒకసారి చేతిలోకి తీసుకోవాలి కదా అని ఈ ఉత్తరం.

ముందు మా ఆసుపత్రిలో ఉన్న పిన్ని సంగతి. మీ అమ్మని చిన్నప్పటినుంచీ పిన్నీ అనే పిలిచాను. నువ్వు మాట్లాడకపోయినా ఆ హక్కు మాత్రం వదులుకోలేదు. నిన్న మెత్తగా మెదిపిన అరటిపండు సగం గిన్నె తింది. తిన్నాక 'ఆ' అనమంటే గొంతు పొడిగా, శుభ్రంగా పలికింది. ఇన్నేళ్ళ కాపురంలో నేను చెప్పినదానికి ఒక్కసారీ 'ఆ' అన్నది లేదు, ఈ పిల్ల చెబితే అంటోంది చూడు అని మీ నాన్న మురిసిపోయాడు. నా గొంతు బాగుపడనీ, మీ సంగతి చెబుతా అంది పిన్ని. గుసగుసగానే, కానీ అంది.

వచ్చే వారం ఇంటికి పంపిస్తారు. నువ్వు మళ్ళీ సెలవు పెట్టి వస్తున్నావని తెలిసింది. అందుకే ఇదంతా ఇప్పుడు చెప్పాలి.

మాటనీ మింగడాన్నీ సరిచేసే ఈ చదువులో చేరాక నాకు మాటల పిచ్చి పట్టింది. గుక్క, గుటక, మింగడం, దిగమింగడం. ఒక్కో మాటకీ గొంతులో ఒక్కో చోటు ఉందేమో అనిపిస్తుంది. గుటక వేసేటప్పుడు గొంతుముడి పైకి లేస్తుంది, ఆ క్షణం ఊపిరి దారికి మూత పడుతుంది, నీళ్ళు కడుపు దారిన పోతాయి. మూత సరిగా పడకపోతే పొలమారుతుంది. ఎవరో తలుచుకుంటున్నారని మనం నవ్వుకుంటాం గానీ, నిజానికి అది గొంతు పెట్టే కేక. దారి తప్పింది, బయటికి తోసెయ్ అని.

పిన్ని గొంతులో అన్ని రోజులు ఊపిరి గొట్టం ఉంది. దాన్ని తీసేసేసరికి కండరాలు నీరసపడిపోయాయి. అంతకన్నా పెద్ద చిక్కు, లోపల స్పర్శ మొద్దుబారింది. ఒకే వైపు కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతుందే, అలాగ. అప్పుడు నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి జారినా గొంతు కేక పెట్టదు. చూసేవాళ్ళకి చక్కగా మింగినట్టే ఉంటుంది.

నువ్వు చూసిందీ అదే. మింగే పరీక్ష అయ్యేదాకా నోటికేమీ ఇవ్వొద్దని సిస్టర్ చెప్పి వెళ్ళింది. కానీ పగిలిన పెదవులతో పిన్ని అలా నిన్నే చూస్తూ పడుకుని ఉంటే, మంచం చుట్టూ కర్టెన్ లాగి చెంచాతో నీళ్ళు పోశావు. దగ్గలేదు కనుక మళ్ళీ పోశావు. ఆ మంచం మీద మా అమ్మ ఉంటే, ఇంత చదువూ పక్కన పడేసి నేనూ పోసేదాన్నేమో. ఈ మాట మాకు పాఠాలు చెప్పే మేడంతో కూడా అన్నాను. ఆవిడ కోప్పడలేదు. దాహం చూస్తే చెయ్యి ఊరుకోదమ్మా, తప్పెలా పడతాం అన్నారు.

ఔను, నీళ్ళ సంగతి మేడంకి చెప్పింది నేనే. చెప్పబట్టే పరీక్ష ఆ రోజే జరిగింది. అప్పుడు నువ్వు గది బయట ఉన్నావు. తర్వాత చెప్పనివ్వలేదు. ఇప్పుడు విను.

పిన్నిని నిటారుగా కూర్చోబెట్టాం. నాలుక చాపమన్నాం, బుగ్గలు ఉబ్బించమన్నాం, దగ్గి చూపించమన్నాం. పక్కింట్లో పిల్లికూన తుమ్మినట్టు దగ్గింది. నేను రెండు వేళ్ళు గొంతుముడి మీద ఆనించాను. మేడం చెంచాడు నీళ్ళు పోశారు. ముడి లేచింది, కానీ బడికి లేపిన పిల్లల్లా బద్ధకంగా. దగ్గు లేదు. నా ఒక్కదానికే వదిలేస్తే పాసైపోయిందనేదాన్ని. మేడం 'ఆ' అనమన్నారు. గొంతు తడిగా, గరగరలాడుతూ వచ్చింది. అప్పుడు ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి, పచ్చరంగు కలిపిన నీళ్ళు మింగించారు. పచ్చటి చుక్క ఊపిరి దారిలోకి జారిపోవడం నేను కంప్యూటర్ మీద చూశాను. చప్పుడు లేదు, దగ్గు లేదు. అప్పటికే మొదలైన జ్వరానికి కారణం కూడా డాక్టరుకి దొరికింది.

ఆ తర్వాత నీకు తెలిసిందే. నీళ్ళ సీసా తీసేశారు, నోటికేమీ ఇవ్వరాదని మంచానికి బోర్డు తగిలించారు. చదువుకున్నదానివి, నీ చేతులతోనే చంపుకుంటావా మీ అమ్మని అంటూ సిస్టర్ వార్డంతా వినేలా నిన్ను కడిగేసింది. అలా అనకుండా ఉండాల్సిందని ఆమె తర్వాత నాతో బాధపడింది. నువ్వు మాత్రం ఆమెని ఏమీ అనకుండా నావైపు తిరిగావు. మా ఇంట్లో తిని పెరిగినదానివే, మా అమ్మకి గుక్కెడు నీళ్ళు లేకుండా చేశావు కదే అన్నావు. కర్టెన్ సందులోంచి కాపలా కాసి చాడీలు చెప్పావన్నావు. ఆ రోజు నేను మారు మాట్లాడలేదు. మాట రాక కాదు.

ఇంటికి వచ్చాక మామూలు నీళ్ళు ఇప్పుడే వద్దు. పొడి కలిపి చిక్కగా చేసిన నీళ్ళే ఇవ్వాలి. మెల్లగా కదులుతాయి కనుక గొంతుకి మూత వేసుకునే వ్యవధి దొరుకుతుంది. నేను తాగి చూశాను, మొహం వంకరపోయింది. పిన్ని దానికి బంక అని పేరు పెట్టింది. ఇవాళ నా బంక ఎంతే అని అడుగుతుంది. గడ్డం కాస్త కిందికి దించి మింగాలి. తిన్నాక వెంటనే పడుకోనివ్వకు. ప్రతి వారం పరీక్షకి తీసుకురా. మామూలు నీళ్ళు తాగే రోజు కూడా వస్తుందని మేడం గట్టిగానే అంటున్నారు.

కోపం తగ్గాక జవాబు రాయి. తగ్గకపోయినా రాయి. నీ తిట్లలో మంచి మంచి మాటలుంటాయి, ఏరుకుంటాను.

ఇట్లు,
నువ్వు మాట్లాడని, నీతో మాట్లాడకుండా ఉండలేని
ప్రశ్నల పుట్ట.

తా.క.: నేను కర్టెన్ సందులోంచి ఏమీ చూడలేదు. ఆ ఉదయం నువ్వు మందుల షాపుకి వెళ్ళినప్పుడు పిన్ని నా చెయ్యి పట్టుకుంది. గొంతు పెగలక, ఆగి ఆగి చెప్పింది. నీళ్ళు పోస్తోందే, పోసిన కాసేపటికి ఛాతీలో గళగళమంటోంది, ఊపిరాడదు, భయమేస్తోంది అంది. మరి వద్దనొచ్చుగా పిన్నీ అన్నాను. నేను మింగగానే దాని మొహం ఎలా వెలుగుతుందో నువ్వు చూళ్ళేదు, ఎలా వద్దంటానే అంది. నువ్వే కనిపెట్టినట్టు మీ మేడంకి చెప్పు, నా నోట వచ్చిందని తెలిస్తే అది తట్టుకోలేదు అని ఒట్టు వేయించుకుంది.

ఇవాళ ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టమంది. ఇంటికెళ్ళాక అది మళ్ళీ చెంచా పట్టుకుని కూర్చుంటుంది, నేను మళ్ళీ నోరు తెరుస్తాను, నావల్ల కాదు, నువ్వే రాసెయ్ అంది.

అందుకని పిచ్చుకా, నోరు తెరిచింది కదా అని పోసెయ్యకు. చెంచా నీ చేతిలో ఉంటే, పిన్ని ఎప్పుడూ తెరుస్తుంది.