మా అవ్వ మీద మూడు థీసిస్‌లు

12 జూన్ 2024

శ్రీకృష్ణ థీసిస్ ఇవాళ బైండింగ్‌కి వెళ్లింది. పశువైద్యం. నూట తొంభై రెండు పేజీలు, అయిదు కాపీలు, నల్ల రెక్సిన్ మీద బంగారు అక్షరాలు. మార్జిన్ ఎడమ పక్క ఒకటిన్నర అంగుళం, మిగతా మూడు పక్కలా ఒకటి. ఆరుసార్లు మార్పించాడు.

ఈ నెల నా టేబుల్ మీదికి ఇంకా ఏమేం వచ్చాయంటే, వేరుశనగలో కాండం కుళ్లు. బ్యాంకు ఉద్యోగినుల మానసిక ఒత్తిడి. నానో ఏదో, దాని పేరు కొట్టగలను కానీ పలకలేను. ఉదయగిరి కోట గోడల్లో రాళ్ల రకాలు. ఆత్మకూరు బస్టాండ్ ఎదురుగా ఒక జెరాక్స్ మెషీన్, రెండు కంప్యూటర్లు పట్టే గది నాది. ఇందులో ఉన్నన్ని శాఖలు ఏ యూనివర్సిటీలోనూ ఉండవేమో. ఆ శాఖల వాళ్లకు ఒకరి ముఖం ఒకరికి తెలియదు. వాళ్లందరికీ రేణుకక్క, అంటే నేను, తెలుసు.

నా పీహెచ్‌డీ 2016లో రిజిస్టర్ అయింది, 2021లో రద్దయింది. గొర్రెలు మేపే ఇళ్లలో ఆడవాళ్ల పని మీద చేస్తానంటే, ఇందులో స్కోప్ లేదమ్మా అన్నారు గైడు. ఇంకో టాపిక్ వెతికేలోపు ఆయన రిటైరయ్యారు. ఇప్పుడు స్కోప్ ఉన్నవాళ్ల పేజీ నంబర్లు సరిచేస్తున్నాను. కడుపుమంట అంటారా, అవును, కడుపుమంటే.

30 జూన్, ఆదివారం

అశ్వితను మా ఊరు తీసుకెళ్లాను. లింగ్విస్టిక్స్ స్కాలర్. గొర్రెల కాపరుల మాటలు ఏరుకోవాలట. వరికుంటపాడు దాటాక మా ఊరు. ఫీల్డ్ వర్క్ అని ఎవరొచ్చినా నేను అక్కడికే తీసుకెళ్లి అవ్వ ముందు కూర్చోబెడతాను. అవ్వ అంటే చెంచమ్మ, మా నాయనను కన్నతల్లి. అరవై ఎనిమిదేళ్లు. నాయన పోయాక చిన్నాయన పెంచలయ్య దగ్గర ఉంటోంది. అరవై గొర్రెల మందకు ఆమే మంత్రసాని.

మేం వెళ్లేసరికి ఒక గొర్రె ఈనుతోంది. పిల్ల బయటపడింది కానీ కదల్లేదు. అవ్వ దాని నోట్లో వేలు పెట్టి జిగురు తీసేసి, ముక్కును తన నోటితో పట్టుకుని ఊపిరి ఊదింది. మూడోసారికి పిల్ల చీదింది. అవ్వ పైటతో మూతి తుడుచుకుని, ఊ, అడుగు మే, ఏంది నీకు కావాల్సింది అని అశ్విత వైపు తిరిగింది.

అశ్విత రెండు గంటలు రికార్డ్ చేసింది. నెలలు నిండకుండా గొర్రె పిల్లను పడేస్తే ఏమంటారని అడిగింది. ఈచుకపోయినాది అంటాం, పోయిన చలికాలం మాకు మూడు ఈచుకపోయినాయి అంది అవ్వ. జ్వరానికి ఎన్ని మాటలున్నాయని అడిగింది. నాకొచ్చేది సందకాడ జరం, పొద్దుగూకితే వస్తాది, తెల్లారితే ఉండదు, చెమటకి కోకంతా తడిసిపోతాది అంది అవ్వ. అశ్విత కళ్లు మెరిశాయి. సందకాడ జరం ఆమె లిస్టులో లేని మాట.

మధ్యలో అవ్వ నడుం పట్టుకుని గట్టిగా మూలిగింది. ఆడియోలో నాయిస్ వచ్చింది, ఆ వాక్యం మళ్లీ చెప్పించగలరా అని అశ్విత నన్ను అడిగింది. చెప్పించాను.

9 జులై

ఎడ్విన్ ఫైల్ వచ్చింది. సోషియాలజీ. కృతజ్ఞతల పేజీలో హాస్టల్ వంటమనిషి ఉన్నాడు, నేను లేను.

21 జులై

ఒక మల్టీడిసిప్లినరీ జర్నల్ వాళ్లు సంచిక మొత్తం నాకే ఇచ్చారు. నలభై నాలుగు పేపర్లు. ఊక బూడిదతో కాంక్రీట్, దాని పక్కన అన్నమయ్య పదాల్లో శృంగారం, దాని పక్కన డయాబెటిస్, ఆ పక్కన జీఎస్టీ. రాసినవాడు తన పేపర్ ఒక్కటి ప్రింట్ తీసుకుని మిగతాది వదిలేస్తాడు. నలభై నాలుగూ చదివేది నేనొక్కదాన్నే. అదీ స్పెల్లింగ్ కోసం.

18 ఆగస్టు

ఎడ్విన్ అనుబంధంలో పట్టిక చేస్తున్నాను. రెస్పాండెంట్ 41: స్త్రీ, 68, గొర్రెల పెంపకం, చదువు లేదు, దీర్ఘకాలిక నొప్పులు అవును. అవ్వే. గొర్రెపిల్ల ముక్కులో ఊదడం మీద పేజీన్నర రాశాడు. తల్లి తన ప్రాణాన్ని మందకు పంచే ప్రతీకాత్మక చర్య అట. ఫోన్ చేసి అవ్వకు చదివి వినిపించాను. ఊదకపోతే సస్తాది గదా అంది.

అశ్విత నోట్సులో అవ్వ ఇన్‌ఫార్మెంట్ 3. శ్రీకృష్ణ థీసిస్‌లో ఆమె మంద ఎఫ్-7. యజమానుల పేర్లు ఎక్కడా కనబడకూడదని అతని ఎథిక్స్ కమిటీ అంటే ఆ కోడ్‌లు వేసింది నేనే. నిరుడు డిసెంబర్‌లో అతను రక్తం తీస్తుంటే గొర్రెల మెడలు పట్టుకున్నదీ, ట్యూబుల మీద ఎఫ్-1 నుంచి ఎఫ్-20 దాకా అంటించిందీ నేనే. ఏ కోడ్ ఎవరిదో రాసిన కాగితం ఒకటే ఉంది. అది నా డ్రాయర్‌లో ఉంది.

మూడు థీసిస్‌లు, మూడు నంబర్లు, ఒకటే అవ్వ. ఈ సంగతి తెలిసింది లోకంలో నాకొక్కదానికే. గర్వంగా అనిపించింది, అబద్ధమెందుకు.

8 సెప్టెంబర్, ఆదివారం

ఊరెళ్లి వచ్చాను. పోయిన నెల ఇంకో రెండు గొర్రెలు ఈచుకుపోయాయట. చిన్నాయన చలికాలం నాటి మూడింటినీ ఈ రెండింటినీ కలిపి ఉదయగిరి సంతలో అమ్మేశాడు. అచ్చిరాని గొర్రెల్ని పెట్టుకోని ఏం చేసేది అన్నాడు. కొన్నవాడికి చెప్పలేదు. ఎవరూ చెప్పరు.

నాకు ఒక మాట చెప్పకుండా అమ్మినాడు అని అవ్వ అలిగి కూర్చుంది. వంగి తొట్టిలో నీళ్లు ముంచుకోలేకపోతోంది. వయసు అనుకున్నాను.

21 సెప్టెంబర్

అవ్వ మంచం మీద నుంచి లేవలేకపోయింది. ఆటోలో ఆత్మకూరు, అక్కడి నుంచి అంబులెన్స్‌లో నెల్లూరు. ఇప్పటిదాకా చూసిన ముగ్గురు డాక్టర్లూ వయసేనన్నారు. ఇక్కడి డాక్టరమ్మకు ముప్పై ఏళ్లు కూడా ఉండవు. నడుం చూడకముందే, ఇంట్లో గొర్రెలున్నాయా, ఈ మధ్య ఏమైనా ఈచుకుపోయాయా అని అడిగింది. అవ్వ ఆమెను మెచ్చుకోలుగా చూసి, నువ్వు గొర్రెలోళ్ల బిడ్డవా అంది.

25 సెప్టెంబర్

రక్తపరీక్ష వచ్చింది. బ్రూసెల్లా.

డాక్టరమ్మ ఆ మాట అనగానే స్పెల్లింగ్ నా వేళ్లకు గుర్తొచ్చింది. మొదటి అక్షరం పెద్దది, మొత్తం ఇటాలిక్స్. శ్రీకృష్ణ థీసిస్‌లో ఆ మాట నాలుగు వందల పదకొండు చోట్ల ఉంది. ఒక్క చోట కూడా ఇటాలిక్స్ తప్పకుండా చూశాను. అదేమిటని మాత్రం అడగలేదు. గొర్రెలు ఈచుకుపోయే రోగమట. పడిపోయిన పిల్లనూ మాయనూ ముట్టుకుంటే మనిషికి వస్తుందట. నోటితో ఊదితే ఇంక చెప్పాలా.

వెన్నుపూసలోకి పాకింది. ఆరేడు నెలల ముందు తెచ్చి ఉంటే మాత్రలతో పోయేది అంది డాక్టరమ్మ. ఇప్పుడు మూడు నెలల మందులు, నడక సంగతి మాత్రం మాట ఇవ్వలేనంది.

సాయంత్రం 6

షాపు తెరిచి ఫైల్ తీశాను. పట్టిక 4.6. ఎఫ్-7: పన్నెండు శాంపిళ్లు, ఏడు పాజిటివ్. ఈ పట్టికకు గీతలు గీసింది నేనే. అంకెలు గడి మధ్యలోకి వచ్చేలా సర్దింది కూడా నేనే.

26 సెప్టెంబర్, ఉదయం 8

శ్రీకృష్ణకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. మా గొర్రెల రక్తం మీద డాక్టరువయ్యావు, ఆ ఇంట్లో ముసలామెకు ఒక్క మాట చెప్పడానికి నీకు నోరు రాలేదా అన్నాను. నేను ఆగాక, మీకు రాసినాను గదక్కా, ఫిబ్రవరి పదకొండో తేదీ మెయిల్ చూడండి అన్నాడు.

9.10

చూశాను.

నేను మెయిల్ తెరవగానే అటాచ్‌మెంట్ డౌన్‌లోడ్ చేసుకుంటాను. మెయిల్‌లో ఏం రాశారో చదవను. అందరూ రాసేది ఒకటే. అక్కా అర్జెంట్, అక్కా ఫాంట్, అక్కా రేపు సబ్మిషన్. ఏళ్ల అలవాటు.

ఇది కూడా అక్కా అనే మొదలైంది. ఎఫ్-3, ఎఫ్-7, ఎఫ్-16 మందల్లో జబ్బు తేలింది. అవి ఎవరివో రాసిన కాగితం మీ దగ్గరే ఉంది కాబట్టి దయచేసి వాళ్లకు చెప్పండి. ఈచుకుపోయిన వాటిని ఉత్త చేతులతో ముట్టుకోవద్దనండి. ఇంట్లో ఎవరికైనా జ్వరాలు వచ్చిపోతుంటే రక్తపరీక్ష చేయించుకోమనండి. నాలుగో చాప్టర్ అటాచ్ చేశాను, మార్జిన్ చూడండి.

నేను మార్జిన్ చూశాను.

అతను మళ్లీ ఒక్కసారైనా అడిగి ఉండాల్సింది. అది అతని తప్పు. నా తప్పుకు పక్కన నిలబెట్టి చూస్తే అది కనబడదు.

ఎఫ్-3 మా పక్క ఊరి కామయ్య. ఎఫ్-16 దేవకమ్మ, అనుమసముద్రంపేట దగ్గర. ఇద్దరికీ ఫోన్ చేశాను. దేవకమ్మ కోడలు రెండు నెలలుగా జ్వరంతో ఉందట.

29 సెప్టెంబర్

చిన్నాయనకు అంతా చెప్పాను. గొర్రెలకు నీళ్లు పెట్టి వచ్చి, సదువుకున్నదానివని గదా నిన్ను చూసి ఊరంతా సూదులు గుచ్చనిచ్చినాది అన్నాడు.

అవ్వకు ఆసుపత్రిలో చెప్పాను. నువ్వు చెప్పుంటే మాత్రం ఊదకుండా ఉంటానా మే అంది. నన్ను ఓదార్చడానికే అంది. ఫిబ్రవరిలో చెప్పి ఉంటే ఊదేదేమో కానీ మాత్రలు కూడా మింగేది. ఇద్దరికీ తెలుసు.

కాసేపటికి నా చెయ్యి పట్టుకుని, మీ చిన్నాయన ఆ అయిదు గొర్రెల్ని ఎవురికి అమ్మినాడో కనుక్కో, వాళ్లిండ్లల్లో కూడా ఊదేదానికి ఎవురో ఒకతి ఉంటాది గదా అంది. నాకు అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు.

6 అక్టోబర్

షాపు మూశాను. కాంక్రీట్, కవిత్వం, కాండం కుళ్లు ఆగుతాయి.

17 నవంబర్

సంతలో కొన్నది పిచ్చయ్య అనే బేరగాడు. అయిదింటినీ అయిదు చోట్ల అమ్మాడు. నాలుగు వారాలు దొరక్కుండా తిరిగి, దొరికాక గుర్తులేదన్నాడు. రోగం సంగతి చెప్పి, నీ ఇంట్లో ఆడవాళ్లు గొర్రెల్ని ముట్టుకోరా అని అడిగాక మూడు ఊళ్ల పేర్లు చెప్పాడు.

మా గొర్రెకు ఎడమ చెవికి రెండు గాట్లు, కుడి చెవి కొస కోత. అవ్వ అత్తగారి కాలం నుంచి అదే గుర్తు. మందలోకి వెళ్లి చెవులు చూస్తే చాలు, కోడ్ కాగితం అక్కర్లేదు. మొదటి ఊళ్లో గొర్రెను దొంగిలించారనడానికి వచ్చాననుకుని కర్ర తీశారు. రెండో ఊళ్లో, అమ్మినప్పుడు నోరు లేదా మీకు అని ఒకావిడ అడిగింది. లేదమ్మా అన్నాను. మూడోది దర్గాకు మొక్కుబడికి కొన్నారట, అక్కడే కోసి వండేశారు.

ఒక పేజీ కాగితం తయారు చేసుకుని వెళ్తున్నాను. తెలుగులో, ఏం ముట్టుకోకూడదో, ఏ పరీక్ష చేయించుకోవాలో. చదివేవాళ్లు తక్కువ కాబట్టి నేనే నిలబడి చదివి వినిపిస్తాను. నా సొంతంగా నేను రాసిన మొదటి పేజీ ఇదే. మార్జిన్ కూడా సరిగ్గా రాలేదు.

12 జనవరి 2025

నాలుగోది కలిగిరి దగ్గర దొరికింది. చూడితో ఉంది. ఆ ఇంటావిడకు చేతి తొడుగులు ఇచ్చి, నోటితో ఊదొద్దని ఒట్టు వేయించుకున్నాను. వేసింది. నిలబెట్టుకుంటుందో లేదో.

అవ్వ మందులు అయిపోయాయి. జ్వరం లేదు. లేచి నిలబడాలంటే ఇద్దరు పట్టుకోవాలి. మందను తోలుకుపోయే వేళకు మంచం వాకిట్లోకి వేయమంటుంది. గొర్రెలు దాటిపోయాక లోపల వేయమంటుంది.

సుజన అని పబ్లిక్ హెల్త్ స్కాలర్ మెయిల్ చేసింది. అవ్వ మీద కేస్ స్టడీ కావాలట. మెయిల్ మొత్తం రెండుసార్లు చదివాను. అవ్వను అడిగితే రమ్మను, ఇంతకు ముందు మాదిరి ఎవురూ మాట్లాడేదానికి రావడం లేదు గదా ఇప్పుడు అంది.

11 ఫిబ్రవరి 2025

అయిదో గొర్రె దొరకలేదు.

సెప్టెంబర్‌లో చూడి కట్టి ఉంటే ఈ వారం ఈనాలి. ఎక్కడో ఒకావిడ దాని పిల్ల ముక్కులో ఊపిరి ఊదుతూ ఉంటుంది.