మా రెల్లుగడలకు నీళ్ళు ఆపించడం గురించి

నీటి పంపిణీ అధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: కాలువ చివరి తూము మూయించుట గురించి.

మొక్కను ఎంతవరకు కష్టపెడితే గట్టిపడుతుంది, ఎక్కడ దాటితే చచ్చిపోతుంది? వృక్షశాస్త్రం చదివిన రోజుల నుంచి ఈ ప్రశ్న నన్ను వదలలేదు. ఇప్పుడు తమ కార్యాలయం దాకా తీసుకువచ్చింది.

1. కాలువ పక్క ఇసుకనేలలో నేను రెల్లుగడలు పెంచి, కోసి, ఎండబెట్టి, క్లారినెట్ మూతికి బిగించే పీకలు చేయుచున్నాను. గాలికి ఊగుతూ, నీరు చాలీచాలక నిదానంగా పెరిగిన గడకే బిగువు ఉండును. నీరెక్కువైతే పైకి లావెక్కి, లోపల బెండులా మెత్తబడును.

2. నిరుడు వేసవిలో తనిఖీకి వచ్చిన ఇంజనీరు గారు మా ఆకులు వాడి ఉండటం చూసి జాలిపడి, అడగకుండానే తూము తెరిపించారు. వద్దంటే, "మొహమాటపడకండమ్మా, ప్రభుత్వం నీళ్ళే కదా" అన్నారు. గట్టు వేసి చూశాను. ఇసుకనేల, అడుగు నుంచి నీరు ఊరుతూనే ఉంది.

3. తమ గుమాస్తా గారు, "నీళ్ళు రావట్లేదని రాయండి మేడమ్, తీసుకుంటాం. వస్తున్నాయని ఎవరైనా ఫిర్యాదు చేస్తారా?" అని నవ్వారు. నవ్వొచ్చే మాటే. కానీ ఆ నీటికి పెరిగిన గడతో చేసిన పీక ఊది, క్లారినెట్ వాయించే మా అన్నయ్య, "చెల్లాయ్, ఇది పాడట్లేదే, పడిశం పట్టినట్టు మూలుగుతోంది" అన్నాడు. వాద్యబృందంలో తన కుర్చీ నిలబెట్టుకోవడానికి చలికాలం పోగానే ఆయన మళ్ళీ వాయించి చూపించాలి. పాత గడలు అయిపోయాయి. బజారు పీకలకు ఆయన పెదవి ఒప్పుకోదు. అది మొండితనమంటే కాదనలేను. ఇప్పుడైనా నేల ఆరకపోతే ఈ ఏటి కోత కూడా నీళ్ళపాలే. ఎన్నిసార్లు తిరగను అయ్యా, నీళ్ళు వద్దు మహాప్రభో అని?

4. ఒక సంగతి దాచితే ఈ అర్జీ అబద్ధమగును. ఆ తూము నీటిని నమ్ముకుని పక్క తోట పిన్ని మొదటిసారి టమాటా వేసింది. నేను తమ వద్దకు వచ్చే పని చెప్పగానే, "నీ గడలు ఎండితే పాడతాయంటావు. నా టమాటాలు ఎండితే ఏం పాడతాయే?" అంది.

కావున పై సంగతులన్నీ, నాలుగవది మరీ ముఖ్యంగా, దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
రెల్లుతోట మనిషి

తా.క.: ఏమి చేయమని కోరుతున్నానో రాయవలసిన చోట ఏమీ రాయలేదని గమనించాను. మరిచిపోయి కాదు. తూము మూస్తే పిన్ని పంట పోతుంది, మూయకపోతే అన్నయ్య కుర్చీ. మూయమని అడగాలో వద్దో నేనింకా తేల్చుకోలేదు.