ఎడమవైపు తిరిగిన ట్యాంకు

ఏవండీ,

మధ్యాహ్నం మూడున్నరకి మీ రిమోట్ ట్యాంకు చైను ఊడకుండా ఎడమవైపు తిరిగింది! లైటు వేశాకే లోపలికి అడుగు పెట్టండి, అది గుమ్మం దగ్గరే ఉంది. బ్యాటరీ ఛార్జింగులో పెట్టాను, రాగానే తీసెయ్యండి. చారు వేడి చేసుకోండి.

ముట్టుకోవద్దన్నారు, ముట్టుకున్నాను. రెండు నెలలు కూర్చుని చేసినదాన్ని నిన్న అట్టపెట్టెలో పడేసి, రేపటి రిమోట్ బళ్ల మీటింగుకి రానని మీ క్లబ్బు జోనాగారికి ఫోన్ కూడా చేసేశారు. నాతో ఒక్క మాటైనా అన్నారా?

నేల మీద బోర్లా పడుకుని చూశాను. బండి ఎడమకి తిరగాలంటే ఎడమ చైను ఆగాలని నాకు ఇవాళే తెలిసింది. అసలు ట్యాంకులూ అంతేనా? మీ ఎడమ చైను వదులు, అందుకే జారుతోంది. పెళ్లి వాచీ నా చేతికి వదులైతే షాపతను ఒక లింకు తీశాడు కదా! నేనూ పిన్నీసుతో పొడిచి ఒక లింకు తీసేశాను. అది మీ పెన్నుల డబ్బాలో ఉంది, పారేయకండి.

చప్పుడు విని కిందింటి అంజినమ్మగారు పైకొచ్చారు. "ఏమ్మా, మిక్సీ కాలిపోయిండాదా ఏమి?" అన్నారు. చూశాక మెట్ల మీదే కూర్చుని, "ఇంగొకసారి తిప్పమ్మా, చూస్తాను" అంటూ నాలుగుసార్లు తిప్పించారు.

క్వయర్ ప్రాక్టీసుకి వెళ్తున్నాను. ఎనిమిదికల్లా వస్తాను.

ఎవా

తా.క. మీరు వస్తున్నారని జోనాగారికి నేనే ఫోన్ చేసి చెప్పేశాను. రేపు ఆరాధన అవగానే యలహంక మైదానానికి వెళ్తున్నాం. మొదటి రౌండు రిమోట్ నా చేతిలోనే ఉంటుంది.