మేకుల టైర్లు

నాయనా హోవర్,

నీ కొత్త కారు ఫోటో చూశాను. మన షెడ్డంత ఉంది. చలికాలానికి, మంచుని కరిచి పట్టుకునే ఇనుప మేకులు లేని టైర్లు చాలన్నావు. ఓస్లోలో మేకుల టైర్లకు పన్ను కట్టాలట, చప్పుడట. "నాలుగు చక్రాలూ లాగుతాయమ్మా, భయం లేదు" అన్నావు. టైర్ల షాపు ఆడ్వార్‌ని అడిగాను. "లాగుతాయక్కా, ఆపేది మాత్రం టైర్లే. సీట్లు వేడెక్కే కారని మంచుకేం తెలుసు?" అన్నాడు. మన ఊరి కొండ కనుమ దాటాలంటే మేకులే మేలట.

నీకు ఒక మాట ఇన్నాళ్ళూ చెప్పలేదు. నిరుడు అక్టోబరులో నీ తమ్ముడు ఐవిండ్ మన షెడ్డులో ఉన్న చలికాలం టైర్లు వేసుకోవడానికి గురువారమే వస్తానన్నాడు. నాకేమో చర్చిలో పాటల సాధన. "ఆదివారం రారా, వాఫుల్స్ వేస్తా" అన్నాను. శుక్రవారం పొద్దున రోడ్డు గడ్డకట్టింది. వాడు వేసవి టైర్లతోనే పనికి బయలుదేరాడు. కనుమ మలుపులో కారు జారింది.

వాడు పోయినా, వాడి చలికాలం టైర్లు ఇంకా షెడ్డులోనే ఉన్నాయి. అప్పుడప్పుడూ తుడుస్తుంటాను. అవి నీ కారుకి పట్టవని తెలుసు. అందుకే నీ కారు కొలతకి మేకులవి తెప్పించి పక్కనే పెట్టించాను. కోప్పడకు.

మంచు పడకముందే వచ్చి వేసుకో. పాటలకి వెళ్ళడం మానేశాను. ఏ రోజు వచ్చినా ఇంట్లోనే ఉంటాను.

అమ్మ