నువ్వు సంతకం పెట్టిన కాగితం

లేక్‌వుడ్,
19 అక్టోబరు 2023

రోలాండ్‌కు,

ఇక్కడ మేమిద్దరం ఒంట్లో బాగానే ఉన్నాం. ఒంట్లో అంటున్నాను, అంతవరకే. నువ్వు కొరియా చలికి దగ్గు తెచ్చుకోకుండా క్షేమంగా ఉన్నావనుకుంటున్నాను.

నీ ఉత్తరంలో అడిగినవి వరసగా చెప్తాను. ట్రక్కు బ్యాటరీ మార్పించాను. డచెస్ కాలి కట్టు విప్పేశారు, మళ్ళీ మొరుగుతూ ఉత్తరాలవాడి వెంట పడుతోంది. వంటింటి కుళాయి గురించి హౌసింగ్ వాళ్ళకు మూడుసార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ "సార్జెంటు గారున్నారా?" అని అడుగుతారు. సార్జెంటు గారుంటే తప్ప నీళ్ళు కారడం ఆగదు కాబోలు. నాకు ముప్పై తొమ్మిదేళ్ళు. ఈ ఊళ్ళో ఏ ఆఫీసు కిటికీ ముందు నిలబడ్డా ఇప్పటికీ నీ సైన్యం నంబరులో చివరి నాలుగంకెలే నా పేరు.

నాలుగో ప్రశ్న దగ్గరికి మెల్లగా వస్తాను. వీడియోలో చెప్పొచ్చుగా అంటావు. నీ వెనక ఆరుగురు బనియన్లతో తిరుగుతుంటే చెప్పే సంగతి కాదది.

సోమవారం ఓపల్ మందుకోసం సైనిక బేస్‌లోని ఆస్పత్రికి వెళ్ళాం. మందులిచ్చే ఆయన కార్డు చూసి పిల్ల పాత పేరు, ఆ మగపిల్లాడి పేరు, హాలంతా వినబడేట్టు పిలిచాడు. నా ఒళ్ళు మండింది. ఓపల్ మాత్రం తీరిగ్గా లేచి వెళ్ళి, "ఆ పేరుగలాయన బదిలీ అయిపోయాడండీ, మందు నాకిచ్చెయ్యండి" అంది. ఆయన నవ్వేశాడు, క్షమించమన్నాడు కూడా. పిల్లది అచ్చం నీ నోరే. మీ అమ్మ పేరు పెట్టుకుంటానని తను అడిగిన రోజు నువ్వు గరాజులోకి వెళ్ళి ఏడ్చావు. అది నేను చూశాను, తను చూడలేదు.

మనల్ని పంపుతున్న టెక్సస్‌లో ఆ మందు దొరకదు. అబ్బాయిగా పుట్టి అమ్మాయిగా మారే పిల్లలకు పద్దెనిమిది నిండేదాకా అది రాయకూడదని మొన్న సెప్టెంబరు నుంచి అక్కడ చట్టం. సైన్యం అదే, బీమా అదే, తండ్రివీ నువ్వే. జనవరిలో మనం రాష్ట్రం దాటితే మాత్రం, ఇక్కడి డాక్టరు చేసే వైద్యమే అక్కడ డాక్టరు లైసెన్సు పోగొట్టుకునే తప్పవుతుంది. బేస్ ఆస్పత్రిలోనైనా రాస్తారా అంటే గట్టిగా అవునని చెప్పే నాథుడు లేడు. మన పిల్లకు పదిహేనే.

"ఓపల్ నాతో ఐదు వారాలుగా ఎందుకు మాట్లాడటం లేదు? నేనేం చేశాను?" అని రాశావు. నువ్వేం చేయలేదు రోలాండ్. చేసింది నేను.

జూన్‌లో బయలుదేరే ముందు నువ్వు వంటింట్లో నిలబడి ఒక కాగితం మీద సంతకం పెట్టావు గుర్తుందా? పిల్లకు ఫలానా వైద్యం కావాలి, అది దొరకని చోటికి మమ్మల్ని పంపొద్దని సైన్యానికి చెప్పే కాగితం. "రేపే ఇచ్చెయ్యి, మర్లీన్" అన్నావు. సరేనన్నాను. ఆ సాయంత్రమే మీ వీడ్కోలు విందు. కాగితం సంగతి చెప్తే మీ ఫస్ట్ సార్జెంటు భార్య బెవర్లీ, బీన్స్ కూర వడ్డిస్తూ నా చెవిలో వేసింది. "పిచ్చిదానా, ఇప్పుడా ఇచ్చేది? ప్రమోషన్ జాబితా రాకముందే ఇంట్లో రోగం ఉందని చాటుకుంటారా ఎవరైనా? నీ మొగుడి పేరు అటకెక్కినట్టే."

ఇక్కడి సైనికుల భార్యలందరం నమ్మే మాటే అది. నేనూ నమ్మాను. జాబితా రానీ, తర్వాత ఇద్దాం అనుకున్నాను. జాబితా వచ్చింది, నీ పేరుంది, నేను కేకు కూడా కోశాను. ఇంకో నెల ఆగుదాం, నీ కొత్త హోదా ఖాయం కానీ అనుకున్నాను. ఈలోగా టెక్సస్‌కు బదిలీ ఆర్డర్లొచ్చాయి. ఇప్పుడు మనకు ఇంకో గది ఎక్కువున్న ఇల్లు వస్తుందట, టెక్సస్‌లో.

ఆర్డర్లు చూశాక కాగితం పట్టుకుని పరిగెత్తాను. ఆఫీసులో ఉన్న పెద్దావిడ కాగితం తిరగేసి చూసి, "ప్రమోషన్ చూసేవాళ్ళు దీన్ని కన్నెత్తి చూడరమ్మా. ఎవరు చెప్పారు మీకు?" అంది. ఆర్డర్లు ఆపే దారేదైనా ఉందా అన్నాను. "ఇది ముందే ఉంటే అటు పంపేవాళ్ళు కారు. ఇప్పుడు ఆపమని మీవారే అడగాలి, ఎందుకు ఆలస్యమైందో రాసివ్వాలి. ఆపుతారని నేను మాటివ్వలేను" అంది.

ఇంటికొచ్చి ఓపల్‌తో, కాగితం ఆఫీసుకు చేరలేదట అన్నాను. అంతే అన్నాను. "నాన్న ఇవ్వలేదన్నమాట. నా పేరు తన ఫైల్లో ఉంటే నామోషీ" అంది. నేను నోరు తెరవలేదు. ఆ రోజే కాదు, ఐదు ఆదివారాలు నువ్వు పిలవడం, తను గది తలుపు వేసుకోవడం, నీ ముఖం వాడిపోవడం అన్నీ చూస్తూ నోరు మూసుకుని కూర్చున్నాను. బెవర్లీ మీద కోపముంది, సైన్యం మీద ఉంది, ఆ చట్టం చేసినవాళ్ళ మీద ఉంది. వాళ్ళందర్నీ తిట్టుకున్నా, ఆ కాగితం అన్నాళ్ళూ ఉన్నది నా సొరుగులోనే.

ఆర్డర్లు ఆపమని నువ్వు అర్జీ పెట్టు. ఆలస్యమెందుకైందన్న చోట నీ తప్పని రాయకు. నువ్వు అలాగే రాస్తావని నాకు తెలుసు. నా భార్య దాచిందని రాయి. వాళ్ళు ఒప్పుకోకపోతే నువ్వొక్కడివే వెళ్ళు, నేను ఇక్కడే రెండు గదులు అద్దెకు తీసుకుని పిల్లతో ఉంటాను.

నిన్న సాయంత్రం ఓపల్‌కు నిజం చెప్పేశాను. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. "అమ్మా, తలుపవతల నాన్న గొంతు బొంగురుపోవడం నాకు వినబడింది. అప్పుడు కూడా నువ్వక్కడే ఉన్నావు కదా" అంది. ఉన్నానన్నాను. తను గదిలోకి వెళ్ళింది, తలుపు గట్టిగా కూడా వేయలేదు.

ఆదివారం నువ్వు ఫోన్ చేస్తే తనే ఎత్తుతుంది. నాకివ్వమని అడగకు.

ఇట్లు,
నీ కూతురికి నిన్ను ఐదు వారాలు దూరం చేసిన
నీ భార్య,
మర్లీన్