అన్న ఇష్టలింగానికి నా కుడి అరచెయ్యి

మెదక్ జిల్లా జహీరాబాద్ కాపురస్తురాలు, కీర్తిశేషులు శరణప్ప గారి కూతురు, బి.ఎ. రెండో సంవత్సరం చదువుతున్న శరణమ్మ అను నేను, నా ఇరవయ్యవ ఏట రాసుకుంటున్న వీలునామా. నా బుద్ధి నిలకడగా ఉంది. నిలకడ లేనిది గుండె ఒక్కటే. అందులోని కవాటం మూసుకుపోతున్నదని, ఆపరేషన్ తట్టుకోలేనని హైదరాబాద్ దవాఖానలో చెప్పారు. ఇది రాయమని నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. బలవంతపెట్టేంత ఓపిక మా ఇంట్లో ఎవరికీ మిగలలేదు.

1. న్యాల్‌కల్ దారిలోని అల్లం చేనులో, ఆడపిల్లలకూ వాటా ఉందన్న కొత్త చట్టం ప్రకారం నాకు వచ్చే భాగం మా అవ్వకు, అంటే నన్ను కన్న తల్లి బస్వమ్మకు చెందాలి. నన్ను ఆ చేనులోనే, బావి పక్కన మెరక మీద సమాధి చేయాలి. అక్కడ ఎట్లాగూ అల్లం పండదు కాబట్టి చిన్నాయనకు నష్టం లేదు.

2. ఆ చిన్నాయన మాణిక్ గారికి, మా అన్న మిలిటరీ క్యాంటీన్ నుంచి తెచ్చిన రేడియో. "ఆడపిల్లకు గింత సదువెందుకే? పొయ్యికాడ గా లావు పుస్తకం వట్టుకొని రొట్టెలు మాడవెట్టెతందుకా?" అని ఆయన నలుగురిలో నవ్విన మాట నేను మరిచిపోలేదు. రొట్టెలు మాడిన మాట నిజమే. మత్తుమందు ముఠాలను ఆపబోయి అన్న చనిపోయాడన్న కబురు వచ్చిన సాయంత్రం కూడా ఆయన మత్తుమందు కలిపిన కల్లు తాగే ఇంటికి వచ్చాడు. ఆ రాత్రి అందరికంటే ఎక్కువ ఏడ్చిందీ ఆయనే. అందుకే రేడియో.

3. నా స్నేహితురాలు బాలమణికి నిఘంటువు. అందులో "అమరుడు" అన్న మాట కింద పెన్సిల్ గీత ఉంది. చావు లేనివాడు అని నేను అర్థం చదివితే, "మరి మీ బస్వరాజన్న యాడున్నడే?" అని అడిగింది బాలమణే. జవాబు దొరికితే ఆ పక్కనే రాసుకోవాలి. నాకు దొరకలేదు.

4. మా అన్న సిపాయి బస్వరాజ్ నిరుడు శ్రావణమాసంలో పరదేశపు కొండల్లో చనిపోయాడు. గసగసాల తోటల నుంచి మత్తుమందు తీసి దేశదేశాలకు పంపేవాళ్లను పట్టుకోవడానికి పోయిన జట్టు ఆయనది. హెలికాప్టర్ కూలి, ఆయనతో పాటు మరో నలుగురు పోయారు. అది ఏ దేశమో మాకు చెప్పలేదు. మా కళాశాలలో పెట్టిన సంతాపసభలో ఒక పెద్దమనిషి, అన్న సరిహద్దులో శత్రువుతో పోరాడి నేలకొరిగాడని ఉపన్యసించాడు. చప్పట్లు కొట్టారు. నేను లేచి సంగతి చెప్పబోతే, "కూసో బిడ్డా, ఏదైతేంది, సచ్చిపోయిండు గద" అన్నారు సభలోని పెద్దలు. నా సమాధి మీద నా పేరు వద్దు. "మత్తుమందును ఆపబోయి పరదేశంలో ప్రాణాలు విడిచిన బస్వరాజ్‌కు, పేర్లు మాకు తెలియని నలుగురికి" అని రాయి చెక్కించాలి. ఆ నలుగురి ఇళ్లలో మా అన్న కూడా పేరు తెలియనివాడే అయి ఉంటాడు.

5. మేము లింగాయతులం. పుట్టగానే మెడలో కట్టిన ఇష్టలింగం చివరిదాకా ఒంటి మీదే ఉంటుంది. చనిపోయినవారిని కూర్చోబెట్టి, లింగాన్ని ఎడమ అరచేతిలో ఉంచి మట్టిచేస్తాం. కాల్చం. సైన్యంలో ఈ సంగతి ఎవరికీ తెలియలేదు. జెండా కప్పి, తుపాకులు పేల్చి, నెయ్యి పోసి మా అన్నను అక్కడే దహనం చేశారు. చితికి ముందు మెడలోది విప్పి, చేతిగడియారంతో పాటు సంచిలో వేశారు. బూడిద వచ్చింది, వెనక సంచి వచ్చింది. సంచికి కట్టిన చీటీలో "దారంతో నల్లరాయి" అని ఉంది. వాళ్ల మీద నాకు కోపం లేదు. తమకు తెలిసిన గౌరవమంతా చేశారు. ఆ గౌరవం సంగతి విన్నప్పటి నుంచే అవ్వ రొట్టె సరిగ్గా తినడం లేదు.

"ఒళ్లు లేని లింగాన్ని మట్టిచెయ్యొద్దమ్మా, నదిల కలుపున్రి" అన్నారు మఠం అయ్యగారు. అవ్వ కలపలేదు. పొద్దున్నే తన లింగంతో పాటు దానికీ నీళ్లు పోసి, విభూతి పెట్టి, "లేసినవా కొడుకా" అని పలకరిస్తుంది.

6. నాకు ఒళ్లు ఉంది. తొందరలోనే దాన్ని గోతిలో కూర్చోబెడతారు. ఎడమ అరచేతిలో నా లింగం ఉంటుంది. కుడిచెయ్యి ఖాళీ. అందులో అన్న లింగాన్ని ఉంచాలని నా కోరిక. అయ్యగారు కాదంటే, ఆ ఒక్క పూటకు నన్ను బస్వరాజ్ ఒళ్లే అనుకోమని చెప్పండి.

7. ఈ వీలునామాను అమలు చేయవలసింది మా అవ్వ. ఆమెకు చదువు రాదు కాబట్టి బాలమణి చదివి వినిపించాలి. అన్న లింగం నా ఆస్తి కాదనీ, దాని గురించి రాసే హక్కు నాకు లేదనీ డాక్యుమెంట్ రైటర్ నర్సింలు గారు చెప్పారు. నిజమే. అవ్వ ఇవ్వదు కూడా. ఆరో అంశం రాస్తున్నప్పుడే నాకు తెలుసు. నేనూ పోయాక, పొద్దున్నే ఆమె పలకరించడానికి ఇంట్లో ఇంకెవరున్నారు? ఆమెను ఎవరూ బతిమాలకూడదు. అయ్యగారితో చెప్పించకూడదు. ఆమె ఇవ్వకపోతే నా కుడిచేతి వేళ్లు ముడవకుండా, అరచెయ్యి తెరిచి ఉంచి మట్టి కప్పండి.

ఒకవేళ ఆమె నా లింగాన్ని కూడా ఉంచుకుంటానంటే, ఇచ్చెయ్యండి. అప్పుడు రెండు చేతులూ తెరిచే ఉంచండి.

జహీరాబాద్, 1987 డిసెంబరు 11, శుక్రవారం.

(సంతకం) శరణమ్మ

ఆమె మా ఎదుట చదివి సంతకం చేయగా చూసిన సాక్షులు:
ఇంద్రసేన, తెలుగు ఉపన్యాసకుడు
నర్సింలు, డాక్యుమెంట్ రైటర్