గుమ్మం పక్కన ఉప్పు

శ్రీరామ

చిరంజీవి సౌభాగ్యవతి పద్మను మనసారా దీవిస్తూ అక్కయ్య రాస్తున్నది.

ఇక్కడ నేను బాగున్నాను. సుభద్రమ్మగారు కూడా ఇప్పుడు బాగున్నారు. పామర్రులో నువ్వు, మరిదిగారు, మీ అత్తయ్యగారు అమ్మవారి దయవల్ల కులాసాగా ఉన్నారని తలుస్తాను. రక్తం మాత్రలు మానడం లేదు కదా. వేసుకుంటే కడుపులో తిప్పుతోందని మొన్న అన్నావు. పరగడుపున వద్దు, అన్నం తిన్నాక వేసుకో. మానొద్దు.

ఫోనులో చెప్పొచ్చు కదా, ఉత్తరం ఎందుకంటావు. ఫోనులో నువ్వు ఏడుస్తావు. నేను ఊరుకుంటాను. చెప్పాల్సింది అక్కడే ఉండిపోతుంది. అందుకని రాస్తున్నాను. పోస్టులో వచ్చేసరికి ఆలస్యమవుతుంది కాబట్టి కాగితాలు ఫోటో తీసి మరిదిగారి ఫోనుకి పంపిస్తాను. ఆయన్ని చదవమనకు, నువ్వే చదువుకో.

నువ్వు అడుగుతున్నది ఒకటే. ఎప్పుడొస్తావు అక్కయ్యా అని. గర్భసంచి ఆపరేషన్ మాఘం దాటనివ్వొద్దని డాక్టరమ్మ చెప్పింది. నువ్వేమో నేను పక్కన లేకుండా ఆస్పత్రి గడప తొక్కనని కూర్చున్నావు. ఇక్కడ నేను ఒప్పుకున్న ఆరు నెలలూ ఈ నెలతో అయిపోతాయి. సుభద్రమ్మగారి అబ్బాయిగారు ఇంకో ఏడాది ఉండమంటున్నారు. నీకు నేను వస్తాననీ చెప్పలేదు, రాననీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేకపోయానో రాస్తాను. ఓపిగ్గా చదువు.

మేమున్నది జపానుకి చిట్టచివర, దక్షిణాన, సముద్రం మధ్య దీవి. జపానంటే మంచు కురుస్తుందని స్వెట్టర్లు సర్దుకొచ్చాను. అవి పెట్టెలోనే ఉన్నాయి. ఇక్కడ మంచు లేదు. ఈ రోజుల్లో ముసురు, కాస్త చలిగాలి, అంతే. అరటిచెట్లు, బొప్పాయిలు, కాకరపాదులు అన్నీ ఉన్నాయి. పూజకి మందారాలకి లోటు లేదు. చెరుకు తోటలు చూస్తే చల్లపల్లి వెళ్ళే బస్సులో కూర్చున్నట్టుంటుంది. ఇప్పుడు బెల్లం వండుతున్నారు. గాలి ఇటు తిరిగితే ఆ వాసన వస్తుంది. బట్టలు ఆరేస్తున్నదాన్ని అలాగే ఆగిపోతాను.

మేం దిగిన రిసార్టంటే మన బందరు రోడ్డు మీది హోటళ్ళలా ఉంటుందనుకోకు. విడివిడి ఇళ్ళు. విల్లాలంటారు. ఒక ఇంట్లోంచి ఇంకో ఇల్లు కనబడదు. చుట్టూ పగడపు రాళ్ళ గోడ, పైన ఎర్ర పెంకులు, ముందు ఈతకొలను. మేమిద్దరం ఆ కొలనులో కాలు కూడా పెట్టలేదు. పొద్దున్నే అందులో పడిన సూర్యుడికి దణ్ణం పెట్టుకుంటాను. ఇంట్లో దీపం పెట్టనివ్వరు. రాతిగోడ సందులో గాలి తగలని చోట పెడుతున్నాను.

సుభద్రమ్మగారికి ఊపిరితిత్తుల జబ్బు. వెచ్చటి చోట, దుమ్ము లేని గాలిలో ఉంచమని డాక్టర్లన్నారు. అబ్బాయిగారికి టోక్యోలో వ్యాపారం. తల్లి కోసం వెతికి వెతికి ఈ చోటు పట్టారు. ఆయన్ని ఏమీ అనడానికి లేదు. నెలకోసారి విమానంలో వచ్చి చూసి వెళ్తారు. మీ బావగారు పోయినప్పుడు వాళ్ళ బట్టల కొట్లో గుమస్తా పెళ్ళాం కదా అనుకోకుండా నన్ను ఇంట్లోకి పిలిచి వంట అప్పగించిన మనిషి సుభద్రమ్మగారు. ఆవిడ రమ్మంటే కాదనలేకనే వచ్చానని నీకు తెలుసు.

అయితే పద్మా, ఇక్కడి గొప్ప ఏమిటంటే మనిషి కనబడడు. దానికే ఇక్కడికి వస్తారట. మేం సముద్రం వైపు నాలుగడుగులు వేసి వచ్చేసరికి పక్కలు మారి ఉంటాయి. తువ్వాళ్ళు మడతలు పెట్టి ఉంటాయి. కూరలు ఫ్రిజ్జులో ఉంటాయి. ఎవరు చేశారో తెలియదు. బెజవాడ వన్‌టౌన్ సందులో పక్కింటి కుక్కరు కూతలు విని మన స్టౌ ఆపేసుకునేవాళ్ళం. ఇక్కడ సముద్రం చప్పుడు తప్ప ఇంకోటి లేదు. ఇద్దరే మనుషులు రోజంతా ఒక ఇంట్లో ఉంటే మాటలు అయిపోతాయి. నేను ముందే మాటకారిని కాదు. మధ్యాహ్నం పడుకుని లేచాక ఆ సాయంత్రం గడవడం కష్టంగా ఉండేది. సహస్రనామం చదువుకునేదాన్ని. మళ్ళీ చదువుకునేదాన్ని.

వచ్చిన కొత్తలో ఒకసారి పప్పుకి పోపు పెట్టాను. ఎండుమిరపకాయల ఘాటుకి, నిప్పంటుకుంటే మోగే గంట గోడమీద మోగింది. ఎక్కణ్ణుంచి వచ్చారో, అంతమంది బిలబిలమంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. ఏమీ లేదని చూసి, వంగి వంగి దణ్ణాలు పెట్టి వెళ్ళిపోయారు. సుభద్రమ్మగారు ఆ రోజు నవ్వారు. "రోజూ పెట్టవే పోపు, మనుషులైనా వస్తారు" అన్నారు. ఆ తర్వాత కిటికీలు తీసి పెడుతున్నాను.

అప్పటికే ఆవిడ తిండి తగ్గిపోయింది. రెండు ముద్దలు తిని "ఇక చాలు రత్నం" అనేవారు. నెయ్యి వేస్తే వెగటంటారు, చారు పోస్తే తర్వాత అంటారు. మనిషి చిక్కిపోతుంటే చూస్తూ ఉండడం నాకు కష్టంగా ఉండేది.

ఇక నేను చేసిన పొరపాటు చెప్తాను. నవ్వుకో, పరవాలేదు. పొద్దున్నే తలుపు తీస్తే గుమ్మానికి రెండు పక్కలా చిన్న పళ్ళాల్లో ఉప్పు, గోపురంలా పోసి ఉండేది. ఎవరో ఎవరికో ఉప్పుతో దిష్టి తీసి మా గుమ్మంలో పెట్టిపోయారనుకున్నాను. జబ్బుమనిషి ఉన్న ఇల్లాయె. ఆవిడతో చెప్పలేదు. చెంబుడు నీళ్ళు పోసి కడిగేసి, అమ్మవారిని తలుచుకుని, బియ్యప్పిండితో ముగ్గు పెట్టాను. మర్నాడు మళ్ళీ ఉప్పు. మళ్ళీ కడిగాను. వాళ్ళు పెట్టడం, నేను కడగడం, ఇలా చాలా రోజులు జరిగింది.

ఒకరోజు చూద్దును కదా, ఉప్పు పళ్ళాలు కాస్త పక్కకి జరిగి ఉన్నాయి. ముందురోజు ముగ్గు మిగిలిపోయి ఉంటే, దాన్ని తొక్కకుండా, చెరగకుండా, ఆ గీతల అవతల పెట్టారు. నాకు అనుమానం వచ్చింది. చెడు చేసేవాళ్ళు ముగ్గు చూసి తప్పుకుంటారా? మర్నాడు తెల్లవారకముందే లేచి తలుపు వెనక కూర్చున్నాను.

ఒకావిడ వచ్చింది. అరవై పైబడిన మనిషి. ముదురు నీలం బట్టలు, తలకి గుడ్డ. మోకాళ్ళ మీద కూర్చుని, దేవుడి దగ్గర పెట్టినట్టు ఉప్పు పెడుతోంది. నేను తలుపు తీసేసరికి బెదిరిపోయి నేలకి వంగింది. నేను చేతులు జోడించాను. అబ్బాయిగారు ఇచ్చిన ఫోను ఉంది కదా, అందులో వాళ్ళు మాట్లాడితే తెలుగు వస్తుంది. ఇంటికి కీడు రాకుండా, మంచి మనుషులు రావాలని పెడతారట ఆ ఉప్పు. మనం ముగ్గు పెట్టినట్టే. నేను కడిగేసిన కారణం నా మాటల్లో చెప్పాను. ఫోను ఏం చెప్పిందో గాని, ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. పేరు తోమికో. పేరు చివర సాన్ అంటారు, మన గారు లాంటిదే.

ఆ నవ్వులకి సుభద్రమ్మగారు లేచి వచ్చారు. రావడం రావడం తోమికోగారి చొక్కా చెయ్యి రెండువేళ్ళతో పట్టుకుని నలిపి చూశారు. బట్టల కొట్టు ఇల్లాలు కదా, మనిషి కంటే ముందు గుడ్డ చూస్తారు. "మిల్లుదే" అన్నారు. తోమికోగారికి ఆ మాట తెలియలేదు గాని ఆ వేళ్ళు తెలిశాయి. మర్నాడు ఒక మూట తెచ్చింది. వాళ్ళమ్మ చేత్తో నేసిన బట్ట, అరటినారతో నేసిందట. పల్చగా, తేనెరంగులో ఉంది. సుభద్రమ్మగారు దాన్ని వెలుతురుకి పట్టి చూశారు, చెంపకి ఆనించుకున్నారు. "అరటినారతో మనం పూలు కట్టుకుంటాం రత్నం. వీళ్ళు బట్ట కట్టుకున్నారు" అన్నారు.

అది మొదలు. పనయ్యాక తోమికోగారు వసారాలో కాసేపు కూర్చునేది. ఒకరు తెలుగులో, ఒకరు వాళ్ళ భాషలో. ఫోను తీయబోతే "దాన్ని అవతల పెట్టు, మధ్యలో దూరుతుంది" అని సుభద్రమ్మగారు కసిరేవారు. మంగళగిరి సరుకు ఎలా కొనేవారో, ఏ నేతగాడు అంచులో దారం తగ్గించేవాడో, అన్నీ చెప్పేవారు. తోమికోగారు కాకరకాయలు తరుగుతూ ఊఁ కొట్టేది. ఒక మధ్యాహ్నం పెరుగన్నం మారు అడిగారు సుభద్రమ్మగారు. నేను వంటింట్లోకి వెళ్ళి దేవుడి పటానికి దణ్ణం పెట్టుకున్నాను. ఇక నేను నీ దగ్గరికి రావచ్చు అనుకున్నాను. నీకు ఆ మాట చెబుదామని ఫోను చేతిలోకి తీసుకుని, పొద్దున చెబుదాంలే అని పెట్టేశాను.

మర్నాడు తోమికోగారు రాలేదు. వేరే మనిషి వచ్చి, మా కంటపడకుండా పనిచేసి వెళ్ళిపోయింది. ఉప్పు లేదు. రిసార్టు ఆఫీసులో అడిగితే తెలిసింది. మొదట్లో నేను ఉప్పు కడిగేస్తున్న సంగతి తోమికోగారే పైవాళ్ళకి చెప్పిందట. అలా చెప్పడం వాళ్ళ పద్ధతి. అతిథులకి మనసు కష్టమైందని పైవాళ్ళు అబ్బాయిగారికి క్షమాపణ రాశారు. ఆయన, అమ్మని ఎవరూ ఇబ్బంది పెట్టకండని జవాబు రాశారు. దాంతో తోమికోగారిని ఇంకెక్కడో బట్టలుతికే చోటికి మార్చేశారు. నా చెంబుడు నీళ్ళ వల్ల ఒక మనిషి పని మారిపోయింది.

సుభద్రమ్మగారు మళ్ళీ తినడం మానేశారు. ఈసారి ఆ రెండు ముద్దలు కూడా లేవు. ఆకలి లేదన్నారు. తలుపు వైపు చూస్తూ పడుకునేవారు. ఆవిణ్ణి అలా వదిలి నేనెలా బయల్దేరను? అటు నీ మాఘం ముంచుకొస్తోంది. ఆ నాలుగు రోజులూ నీ ఫోను ఎత్తలేదు. కోపం తెచ్చుకున్నావని తెలుసు.

అబ్బాయిగారితో నేను ఎప్పుడూ "అలాగే బాబూ" తప్ప ఇంకో మాట ఎరగను. దేవుడికి దణ్ణం పెట్టుకుని ఫోను చేశాను. జరిగింది చెప్పాను.

"నేనే చెప్పానండీ రత్నంగారూ. అమ్మకి రెస్టు కావాలి. ఎవరూ డిస్టర్బ్ చేయకూడదు" అన్నారు.

"రెస్టు చాలా అయింది బాబూ. అమ్మగారికి మనుషులు కావాలి."

"మీరున్నారు కదండీ."

"నేనొక్కదాన్నే ఉన్నాను బాబూ. నేను చాలడం లేదు."

"అమ్మ తినడం లేదా?" అని చిన్నపిల్లాడిలా అడిగారు. తినడం లేదన్నాను. పెట్టేశారు. మర్నాడు పొద్దున్న తోమికోగారు వచ్చింది. ఇక పగలంతా మా ఇంట్లోనే ఉండేట్టు ఏర్పాటు చేశారు. అబ్బాయిగారు వచ్చి రెండు రోజులుండి, తల్లి పక్కన కింద పక్క వేసుకుని పడుకున్నారు. వెళ్తూ వెళ్తూ నన్ను మళ్ళీ అడిగారు, ఇంకో ఏడాది ఉంటారా అని. ఆలోచించి చెప్తానన్నాను.

నిన్న సాయంత్రం సుభద్రమ్మగారు వసారాలో కూర్చుని అడిగారు.

"నీ టిక్కెట్టు ఎప్పటికే?"

"ఇంకా కొనలేదండీ."

"ఏం? నన్ను చూసి ఆగావా?"

నేను ఆరిన బట్టలు మడతపెట్టడంలో పడ్డాను.

"అంత గొప్పలు పోకు. పొద్దున నువ్వు స్నానానికెళ్ళినప్పుడు తోమికో కలిపి పెట్టింది పెరుగన్నం. నీళ్ళలా కలిపింది. తిన్నాను."

"మరి తెలుగు ఎవరితో మాట్లాడతారండీ?"

"తోమికోతోనే. నీకంటే నయం, ఊఁ అయినా కొడుతుంది." శాలువా భుజాల మీదికి లాక్కుంటూ అన్నారు. "వాడు రోజూ ఫోను చేస్తానన్నాడు. చేస్తాడో లేదో చూద్దాం. నువ్వు వెళ్ళు. మీ చెల్లెలికి నువ్వు కాక ఎవరున్నారే?"

నవ్వి లోపలికొచ్చాను. వంటింట్లో కాసేపు ఊరికే నిలబడ్డాను. నేను లేకుండా ఆవిడ తినాలనే కదా కోరుకున్నాను. తిన్నారు. అయినా మనసు ఎందుకో ఖాళీగా అనిపించింది. ఇంకెవరితోనూ అనకు. ఇవాళ తోమికోగారికి చారు పెట్టడం నేర్పుతున్నాను. కరివేపాకు లేని చారు, ఏం చేస్తాం.

టిక్కెట్టు కొనమని అబ్బాయిగారికి చెప్పేశాను. మాఘ పూర్ణిమ వెళ్ళిన వెంటనే వస్తాను. డాక్టరమ్మకి చెప్పి రోజు పెట్టించుకో, మాఘంలోనే. ఇక వాయిదా వేయకు. ఈలోగా బరువులెత్తకు, నీళ్ళ బిందె ముట్టుకోకు. మీ ఇంట్లో ఉంచిన నా పెట్టెలోని నేత చీరలు ఒకసారి ఎండలో వేయించు, ఆస్పత్రిలో అవే కట్టుకుంటాను. మీ అత్తయ్యగారికి నా నమస్కారాలు. ఆవిడ కాళ్ళనొప్పులకి ఇక్కడి తైలం ఒకటి తెస్తున్నాను. మరిదిగారిని అడిగానని చెప్పు, కొట్టు మూసి వేళకి అన్నం తినమను. మీ ఇంటిల్లిపాదినీ అమ్మవారు చల్లగా చూడాలి.

పద్మా, ఒక్కమాట. ఆపరేషన్ గదిలోకి నన్ను రానివ్వరు. తలుపు దాకా నీ చెయ్యి పట్టుకుని వస్తాను. ఆ తర్వాత తలుపు బయటే ఉంటాను. నువ్వు కళ్ళు తెరిచేదాకా ఎక్కడికీ పోను.

నీ మేలు కోరే అక్కయ్య,
రత్నం